తాను చూడలేని వింతను లోకమునకు చూపిన శాస్త్రజ్ఞుడు

మానవునకు రెండు కన్నులుండుట ముఖసౌందర్యమునకు మాత్రమే కాదు. ఒక్కొక్క కన్ను వస్తువును కొంచెము వేరైన తావునుండి చూచును. ఆ రెండు చిత్రములందలి స్వల్పభేదమునుబట్టి మెదడు లోతును గ్రహించును. ఈ సూక్ష్మము నాధారముగా గొని యంత్రములు నిర్మించుటకు జీవితమును ధారవోసిన మహనీయుడు జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ పుల్‌ఫ్రిచ్.

ఆయన 1858లో బుర్షైడ్ పట్టణ ప్రాంతమున జన్మించెను. బాన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1890లో యేనా నగరమందలి కార్ల్ జైస్ కర్మాగారమున చేరెను. 1901లో స్టీరియోకంపారేటరును వెలువరించెను. ఒకే దృశ్యమును రెండు చోట్లనుండి తీసిన ఛాయాచిత్రముల జతను అందుంచి చూచినచో కొండలు, లోయలు ఉబ్బెత్తుగా కన్పట్టును. పటములు వ్రాయువారికిని, ఖగోళజ్ఞులకును అది గొప్ప సాధనమయ్యెను.

అయితే ఒక చిక్కు తలయెత్తెను. రెండు చిత్రముల వెలుగు సమానముగా లేనిచో, కదలిక కలిగినపుడు లోతు తప్పుగా తోచుచుండెను. దీని మర్మమును పుల్‌ఫ్రిచ్ 1922లో ప్రకటించెను. ఒక లోలకమును మన యెదుట అడ్డముగా ఊగనిచ్చి, కుడికంటికి మాత్రము నల్లని అద్దమును అడ్డుపెట్టుకొని, రెండు కన్నులతోను చూడవలెను. లోలకము తిన్నగా ఊగుటకు మారుగా, కుడివైపునకు పోవునపుడు దగ్గరగను, ఎడమవైపునకు మరలునపుడు దూరముగను జరుగుచు, కోడిగ్రుడ్డు ఆకారమున చుట్టి వచ్చినట్లుండును! మసక వెలుగును కన్ను కొంచెము ఆలస్యముగా మెదడున కందించును. ఆ క్షణకాలములో వస్తువు ముందునకు సాగిపోవును గనుక రెండు కన్నులకును రెండు స్థానములు కన్పించును. మెదడు ఆ భేదమును లోతుగా భావించును.

విచిత్రమేమనగా, ఆయనకు అంతకు ఎన్నో యేండ్ల పూర్వమే ఒక కంటి చూపు పోయినది. తన పేర ప్రసిద్ధమైన వింతను ఆయన ఎన్నడును చూడలేదు. ఇతరులు చూచి చెప్పినదానిని నమ్మి, పరీక్షించి, శాస్త్రముగా నిలిపెను. అంతేకాక, ఆ కారణమును మొదట ఊహించినవాడు తన సహోద్యోగి ఫెర్ట్ష్ అని దాపరికము లేక ప్రకటించెను. అట్టి నిష్కాపట్యము విద్వాంసులయందు సైతము అరుదు.

1927లో బాల్టిక్ సముద్రమున పడవ తలక్రిందులై ఆయన మరణించెను. 1993లో బ్రిటనునందలి బి.బి.సి. ఈ సూత్రముననే టెలివిజనుపై ఒక నాటకమును ప్రసారము చేసెను. ఒక కంటికి నల్లని అద్దము ధరించినవారికి, చదునైన తెరపై అడ్డముగా కదలు బొమ్మలు లోతుతో గోచరించెను. అద్దము లేనివారికి మామూలు బొమ్మయే కన్పించెను.

తన కంటికి అందని సత్యమును సైతము ఇతరుల కన్నులద్వారా గ్రహించి, వారి ఋణమును మరువని ఆ మహాశయుని చరిత్ర, పదిమంది కలిసి పనిచేయు చోటనెల్ల స్మరింపదగినది.