కల్నల్ సి.కె. నాయుడు

తెలుగు మాట్లాడేవారు తెలుగునాటికి వెలుపల కూడ ఎందరో ఉన్నారు. తిరుత్తణిలో, తిరువళ్ళూరులో ఉన్నట్లే నాగపూరులోనూ ఉన్నారు. పూర్వం మచిలీపట్నం నుంచి తరలివెళ్ళిన కొఠారివారి కుటుంబం అటువంటిదే. ఆ ఇంట 1895 అక్టోబరు 31న కనకయ్య నాయుడు జన్మించారు. తండ్రి న్యాయవాది. కుమారునికి మాత్రం బాల్యం నుంచీ క్రికెట్ మీదనే మక్కువ.

ఆ రోజుల్లో బొంబాయిలో మతాలవారీగా జట్లు కట్టి ఆడేవారు. ఇప్పుడు వింటే వింతగా తోస్తుంది. 1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆడటానికి నాయుడు తొలిసారి బ్యాట్ పట్టి వచ్చేసరికి 7 వికెట్లు పడిపోయాయి. మూడు బంతులు ఆపి, నాల్గవదాన్ని సిక్సర్ కొట్టారు. 1920లో మద్రాసు చేపాక్‌లో ఆయన కొట్టిన బంతి మైదానం దాటి ఒక కొబ్బరిచెట్టు దగ్గర పడిందట.

1923లో హోల్కారు మహారాజు ఆయనను ఇండోర్‌కు పిలిపించి తన సైన్యంలో ఉద్యోగమిచ్చారు. కల్నల్ అన్న పేరు అట్లా వచ్చింది.

1926లో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. దేశాన్ని ఏలుతున్నవారి జట్టు అది. ఆ జట్టులోని ఎర్ల్ 8 సిక్సర్లతో 130 పరుగులు చేశాడు. మరునాడు నాయుడు బ్యాట్ పట్టారు. బంతులు ఒకదాని వెంట ఒకటి జనం మధ్యకు, భవనం కప్పు మీదకు ఎగిరిపోసాగాయి. వార్త ఊరంతా పాకింది. మైదానంలో చోటులేనివారు చెట్లెక్కారు, మేడలెక్కారు. రెండు గంటలైనా గడవకముందే 11 సిక్సర్లతో 153 పరుగులు! ఓడిపోవడమే అలవాటైన ప్రజలకు ఆ సిక్సర్లు ఆటకు మించినవిగా కనిపించాయి. ఎదుటి జట్టువారే ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు.

1932లో భారత జట్టు ఇంగ్లండులో తొలి టెస్టు ఆడింది. నాయకత్వం సంస్థానాధీశులకే దక్కే కాలమది. పోరుబందరు మహారాజు తన ఆట సంగతి తాను ఎరిగినవాడు కనుక తప్పుకొన్నాడు. ఉపనాయకుడైన లింబ్డీ రాజకుమారుడు గాయపడ్డాడు. అందువల్ల నాయుడు భారతదేశపు తొలి టెస్టు నాయకుడయ్యారు. బంతి పట్టబోయి చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. జట్టులో అదే ఎక్కువ. 1936లో మాత్రం నాయకత్వం విజయనగరం రాజకుమారునికి పోయింది. ఆటలో వారిద్దరికీ పోలికే లేదు. అయినా నాయుడు ఆడారు. తన చివరి టెస్టులో 81 పరుగులు చేశారు.

జట్టులోనివారికి ఆయనంటే భక్తి ఎంతో, భయమూ అంతే. ఇతరుల నుంచి కోరిన క్రమశిక్షణను తానూ పాటించారు. 56వ ఏట రంజీ ఫైనల్లో ఫాడ్కర్ వేసిన బంతి తగిలి పళ్ళు ఊడితే వాటిని పక్కకు నెట్టి ఆట సాగించారు. 1953లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలకు దిగినప్పుడు దానికి నాయకులై నడిపారు. 1956లో పద్మభూషణ్ లభించింది. 68 ఏళ్ళ వయస్సులో కూడ ఒక సహాయనిధి పోటీలో బ్యాట్ పట్టారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.