ఎరిక్ లిడెల్ విన్న రెండవ పిలుపు



చెడ్డ పనిని మానుకోవడం కష్టమే గాని, అందులో ఏం చేయాలో తెలియకపోవడం ఉండదు. ఆజ్ఞ స్పష్టంగా ఉంటుంది. విశ్వాసి నిజంగా తికమకపడేది రెండు మంచి పనుల మధ్య నిలబడినప్పుడు. చేస్తున్న పని దేవుడిచ్చినదే, ఫలిస్తున్నది కూడా. అయినా మరో చోటు నుంచి పిలుపు వస్తుంది. అప్పుడు ఉండాలా, వెళ్లాలా? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న ఒక ఉపాధ్యాయుని జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆయన పేరు ఎరిక్ లిడెల్.

ఈ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆదివారం పరుగెత్తనన్న క్రీడాకారుడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెం ప్రాథమిక పోటీలు ఆదివారం జరగనున్నాయని తెలిసి, ఆయన ఆ పందెం నుంచి తప్పుకున్నారు. అది ఆయనకు బాగా పట్టున్న పందెం. ఆ ఆదివారం పారిస్‌లోని స్కాట్లాండ్ సంఘంలో వాక్యం చెప్పారు. ఆ వారంలోనే 200 మీటర్లలో కాంస్యం, జూలై 11న 400 మీటర్లలో 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచారు. 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ సినిమా ఈ కథను లోకమంతా చాటింది. సినిమా అక్కడితో ఆగింది. ఆయన మాత్రం ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బ్రదికారు. ఆయన జీవితంలోని పెద్ద నిర్ణయం ఆ ఇరవై ఏళ్లలోనే ఉంది.

లిడెల్ 1902 జనవరి 16న చైనాలోని టియెంట్సిన్ నగరంలో పుట్టారు. నేడు ఆ నగరాన్ని టియాంజిన్ అంటున్నారు. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ పంపిన స్కాట్లాండ్ మిషనరీలు. చిన్నతనంలోనే ఆయనను, అన్న రాబ్‌ను ఇంగ్లండులో మిషనరీల పిల్లల బడిలో చేర్చి తల్లిదండ్రులు తిరిగి చైనా వెళ్లారు. ఎడబాటు అంటే ఏమిటో ఆ అన్నదమ్ములకు బాల్యంలోనే తెలుసు. తరువాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు పట్టా పొందారు, రగ్బీలో స్కాట్లాండ్ దేశ జట్టుకు ఆడారు. ఒలింపిక్స్ తరువాత ఒక సంవత్సరం వేదాంత విద్య అభ్యసించారు.

దేశమంతా చప్పట్లు కొడుతున్న ఆ రోజుల్లో, 1925లో, ఆయన చైనాకు బయలుదేరారు. ఎడిన్‌బరో స్టేషనుకు ఆయన ఎక్కిన బండిని జనమే లాక్కుంటూ తీసుకెళ్లారు. అక్కడి నుంచి ఐరోపా దాటి, సైబీరియా మీదుగా రోజుల తరబడి రైలు ప్రయాణం చేసి టియెంట్సిన్ చేరారు. అదే మొదటి పిలుపు. టియెంట్సిన్ ఆంగ్లో చైనీస్ కాలేజీలో సైన్సు ఉపాధ్యాయునిగా ఆయన పనిలో చేరారు.

ఆ కాలేజీని 1902లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున శామ్యూల్ లావింగ్టన్ హార్ట్ స్థాపించారు. నగరంలోని వర్తకుల, అధికారుల పిల్లలు అక్కడ చదివేవారు. రేపటి చైనాను నడిపించబోయే యువకులకు క్రీస్తు స్వభావాన్ని తరగతి గదిలోనే చూపించాలన్నది దాని ఉద్దేశం. లిడెల్ అక్కడ పన్నెండేళ్లు పనిచేశారు. కేమిస్ట్రీ చెప్పారు, ఆటలు నేర్పారు, విద్యార్థులతో బైబిలు తరగతులు జరిపారు, యూనియన్ చర్చిలో సండేస్కూలు చూసుకున్నారు. నగరంలో కట్టిన మిన్‌యువాన్ క్రీడా మైదానం ట్రాక్ విషయంలో సలహాలిచ్చారు. 1932లో సెలవుపై స్వదేశానికి వెళ్లినప్పుడు అభిషేకం పొంది పాస్టరుగా తిరిగొచ్చారు. 1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లారెన్స్ మెకెంజీని వివాహమాడారు. పట్రీషియా, హెదర్ అనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇల్లు, సంఘం, మంచి పేరు, ఇష్టమైన పని, ఎదుట ఫలం. ఒక దైవసేవకుడు ఇంకేం కోరుకుంటాడు?

సరిగ్గా అప్పుడే రెండవ పిలుపు వచ్చింది. టియెంట్సిన్‌కు దక్షిణాన విశాలమైన మైదానంలో సియావ్‌చాంగ్ అనే పల్లె ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి అక్కడ ఒక ఆసుపత్రి, చుట్టూ ఊళ్లలో చెదురుమదురుగా సంఘాలు ఉండేవి. లిడెల్ తండ్రి ఒకప్పుడు పనిచేసిన చోటు అది. అన్న రాబ్ అప్పటికే అక్కడ వైద్యుడు. కరవు, వరదలు, బందిపోట్లు ఆ రైతులకు కొత్త కాదు. ఊళ్లు తిరిగే సేవకులు చాలక, కాలేజీలో ఉన్న లిడెల్‌ను అక్కడికి పంపాలని మిషన్ ఆలోచించింది.

ఆయన వెంటనే ఔననలేదు. ఈ మాట మనం గమనించాలి. ఒలింపిక్స్‌లో ఆదివారం విషయమై ఆయనకు సందేహమే రాలేదు. ఇక్కడ మాత్రం చాలాకాలం ఆలోచించారు, ప్రార్థించారు. కాలేజీలోనూ ఉపాధ్యాయులు తక్కువే. ఆయన వెళితే పిల్లలకు నష్టం. పల్లె పరిచర్యకు తాను తగినవాడినేనా అన్న సంకోచమూ ఉంది. ఎందుకంటే కాలేజీ పని ఎక్కువగా ఇంగ్లీషులో సాగేది. పల్లెలో రైతుల చైనీసులో మాట్లాడాలి. ఆలస్యం చేశాడని ఆయనను నిందించలేం. పిలుపును పరీక్షించి చూడడం అవిశ్వాసం కాదు.

చివరకు 1937లో ఆయన కాలేజీ విడిచారు. ఆ సంవత్సరం జూలైలోనే జపాను సేనలు చైనాపై పూర్తి స్థాయి యుద్ధానికి దిగాయి. టియెంట్సిన్ వారి చేతుల్లోకి వెళ్లింది. నగరంలో బ్రిటిష్ వారి ప్రాంతం అప్పటికింకా క్షేమంగా ఉంది. ఉండిపోవడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. అయినా ఆ సంవత్సరం చివర్లో ఆయన ఆ క్షేమమైన చోటు నుంచి యుద్ధం నడుస్తున్న మైదానానికి ప్రయాణం కట్టారు. ఫ్లారెన్స్‌నూ చిన్నపిల్లలనూ అక్కడికి తీసుకెళ్లడం ప్రమాదమని మిషన్ అనుమతించలేదు. వారు టియెంట్సిన్‌లోనే ఉండిపోయారు.

సియావ్‌చాంగ్ చుట్టుపక్కల పల్లెల్లో ఆయనను లీ ము షీ అని పిలిచేవారు. అంటే పాస్టర్ లీ. సైకిలు మీదా కాలినడకనా ఊరూరూ తిరిగేవారు. పగలు జపాను సైనికులు, రాత్రి గెరిల్లాలు, మధ్యలో బందిపోట్లు. ఏ దారిలో ఎవరు ఆపుతారో తెలియదు. ఒకసారి ఒక పాడుబడిన గుడిలో గాయపడిన మనిషి రోజుల తరబడి పడి ఉన్నాడని విన్నారు. జపాను వారి భయంతో ఎవరూ అతన్ని ఇంట్లోకి తీసుకోలేదు. లిడెల్ తోడొస్తే బండి కడతానని ఒక బండివాడు ఒప్పుకున్నాడు. సైనికులు ఎదురైతే ఏం చెప్పాలో అని ఆ రాత్రి ఆయన కలత చెంది లేఖనం తెరిచారు. లూకా 16వ అధ్యాయంలో చిన్న విషయాల్లో నమ్మకంగా ఉండడం గురించి ప్రభువు చెప్పిన మాట ఆయనకు ధైర్యమిచ్చింది. మరునాడు ఆ మనిషిని బండిలో ఎక్కించుకొని వస్తుండగా, దారిలో ఇంకొకరి సంగతి తెలిసింది. తల నరకడానికి మోకరించమంటే మోకరించనందుకు మెడ మీద కత్తి వేటు తిన్న వ్యక్తి అతడు. అతన్నీ వెంట తీసుకొని సుమారు 18 మైళ్లు నడిచి ఆసుపత్రి చేర్చారు. మొదటివాడు చనిపోయాడు. రెండవవాడు బ్రదికి, క్రీస్తును నమ్ముకున్నాడు. అతడు చిత్రకారుడు. కృతజ్ఞతగా పువ్వుల బొమ్మ ఒకటి గీసి లిడెల్‌కు ఇచ్చాడు.

ఒలింపిక్ పతకాన్ని వేలమంది చూశారు. ఈ బండి ప్రయాణాన్ని చూసినవారు కొద్దిమందే. కాని మంచి సమరయుని ఉపమానం చదివిన ప్రతి సంఘానికీ దీని విలువ తెలుసు.

1939లో కుటుంబానికి సెలవు దొరికి కెనడా, స్కాట్లాండ్ వెళ్లారు. 1940లో తిరిగి వస్తుండగా అట్లాంటిక్‌లో వారి ఓడల బృందంపై జర్మను జలాంతర్గాములు దాడి చేశాయి. కొన్ని ఓడలు మునిగాయి, వీరి ఓడ తప్పించుకుంది. 1941లో జపాను సైన్యం సియావ్‌చాంగ్ మిషన్‌ను ఖాళీ చేయించింది. ఆ వసంతంలో, మూడవసారి గర్భవతిగా ఉన్న ఫ్లారెన్స్‌నూ ఇద్దరు పిల్లలనూ ఆయన కెనడాకు ఓడ ఎక్కించారు. పని ముగించుకొని తానూ వస్తానని అనుకున్నారు. మూడవ కుమార్తె మౌరీన్ కెనడాలో పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు.

1943 మార్చిలో జపాను వారు శత్రుదేశాల పౌరులను షాంటుంగ్ రాష్ట్రంలోని వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఒకప్పటి అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ ఆవరణే ఆ శిబిరం. 1500 మందికి పైగా అందులో కిక్కిరిసి ఉండేవారు. తల్లిదండ్రులకు దూరమైన మిషనరీల పిల్లలు, చీఫూ పాఠశాల విద్యార్థులు, అక్కడికి వచ్చి చేరారు. బాల్యంలో తానూ అలా ఎడబాటు అనుభవించిన లిడెల్ వారందరికీ అంకుల్ ఎరిక్ అయ్యారు.

ప్రియులారా, దేవుడు చేసే పని ఎంత వింతగా ఉంటుందో చూడండి. కాలేజీ విడిచి వెళ్లిన ఉపాధ్యాయుడు ఆ శిబిరంలో మళ్లీ ఉపాధ్యాయుడయ్యారు. పుస్తకాలు లేని చోట తన చేత్తో కేమిస్ట్రీ పాఠాలు రాసి, పటాలు గీసి, పిల్లలను పరీక్షలకు సిద్ధం చేశారు. చిరిగిన హాకీ కర్రలను చుట్టి బాగుచేసి ఆటలు ఆడించారు. దేవుని కోసం పక్కన పెట్టిన వరం పోలేదు. అక్కర ఎక్కువగా ఉన్న చోట అది తిరిగి ఆయన చేతికొచ్చింది.

ఇంకొక సంగతి. శిబిరంలో ఆదివారం ఆటలు వద్దని మొదట ఆయన అన్నారు. కొందరు పిల్లలు వినకుండా ఆదివారం హాకీ ఆడి కొట్లాటకు దిగారు. తరువాతి ఆదివారం ఆయనే వచ్చి రిఫరీగా నిలబడ్డారు. స్వర్ణ పతకం కోసం ఆదివారాన్ని విడవని మనిషి, పిల్లలు ఒకరినొకరు గాయపరచుకోకూడదని దాన్ని విడిచారు. ఇందులో వైరుధ్యం ఉందని కొందరికి అనిపించవచ్చు. తన కీర్తి విషయంలో కఠినంగా, ఇతరుల మేలు విషయంలో మృదువుగా ఉండడం మన ప్రభువు దగ్గర నేర్చుకున్నవారికే చేతనవుతుంది. విశ్రాంతి దినం మనుష్యుల కోసమే నియమించబడిందన్న సత్యాన్ని ఆయన మైదానంలో నిలబడి బోధించారు.

కొండమీది ప్రసంగం ఆయనకు ప్రాణం. శత్రువుల కోసం, అంటే తమను కాపలా కాస్తున్న జపాను వారి కోసం, ప్రార్థించాలని యువకులకు నేర్పించారు. తన పరుగు బూట్లను శీతాకాలంలో ఒక అబ్బాయికి ఇచ్చేశారు. ఆ అబ్బాయి పెద్దవాడై మిషనరీగా వెళ్లిన దేశం జపాను.

1945 ఆరంభానికి లిడెల్ ఆరోగ్యం దెబ్బతింది. పని ఒత్తిడి వల్ల నరాల బలహీనత అనుకున్నారు. అది మెదడులో కణితి. ఫిబ్రవరి 21న భార్యకు చిన్న ఉత్తరం రాశారు. తేలికైన పనికి మారమని సలహా ఇచ్చారన్న కబురే అందులో ఉంది. ఆ సాయంత్రమే, సియావ్‌చాంగ్‌లో తనతో పనిచేసిన నర్సు ఆనీ బుకన్ దగ్గరుండగా, ప్రభువునందు నిద్రించారు. వయస్సు 43. మరి ఆరు నెలల్లో, ఆగస్టు 17న, శిబిరానికి విడుదల వచ్చింది. ముగ్గురు పిల్లలతో కెనడాలో ఎదురుచూస్తున్న ఫ్లారెన్స్‌కు ఆయన మరణవార్త చేరడానికే రెండు నెలలకు పైగా పట్టింది. 1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం స్కాట్లాండ్ నుంచి రాతిని తెప్పించి ఆ స్థలంలో జ్ఞాపకచిహ్నం నిలిపింది.

ఈ జీవితం మన సంఘాలను ఏమని అడుగుతోంది? మొదటిగా, ఉపాధ్యాయ వృత్తి తక్కువ, సువార్త పరిచర్య ఎక్కువ అని ఎవరూ అనుకోకండి. లిడెల్ కాలేజీలో గడిపిన పన్నెండేళ్లు వృథా కాలేదు. ప్రతి ఉపాధ్యాయుడూ బడి విడిచి వెళ్లాలని దేవుడు కోరడు. ఆయన కాలేజీలో ఉండిపోయిన తోటివారు అవిధేయులు కారు. అయితే అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం చూడండి. అంతియొకయ సంఘంలో ప్రవక్తలు, బోధకులు ఉండగా, పరిశుద్ధాత్మ పిలిచింది ఖాళీగా ఉన్నవారిని కాదు, సంఘానికి ఎంతో అవసరమైన బర్నబానూ సౌలునూ. సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, వారిని పంపింది. మంచి పనిలో ఉన్నవారికే కొన్నిసార్లు మరో పిలుపు వస్తుంది.

రెండవదిగా, పట్టణాల్లో ఒక్కో సంఘానికి ఇద్దరు ముగ్గురు సేవకులు ఉండగా, అనేక పల్లెల్లో ఆదివారం ఆరాధన నడిపించడానికి మనిషి కరవవుతున్నాడు. పిల్లల చదువు, ఇంటి సౌకర్యం, తల్లిదండ్రుల ఆరోగ్యం, ఇవన్నీ నిజమైన కారణాలే. లిడెల్‌కూ ఉన్నాయి. కారణాలు ఉన్నాయా అని కాదు, వాటిని ప్రభువు పాదాల దగ్గర పెట్టి అడిగామా అన్నదే ప్రశ్న.

మూడవదిగా, ఫ్లారెన్స్‌ను మరచిపోవద్దు. వెళ్లినవాని పేరు రాతి మీద చెక్కారు. ముగ్గురు బిడ్డలను ఒంటరిగా పెంచిన తల్లి కన్నీరు ఏ రాతి మీదా లేదు. ఒకరిని పరిచర్యకు పంపినప్పుడు, వెనక ఉండిపోయే కుటుంబాన్ని భరించడం కూడా సంఘం మోయవలసిన భారమే. పంపే కూడికలో చప్పట్లు కొట్టి, తరువాత ఆ ఇంటి గడప తొక్కకపోతే మనం పంపినట్టు కాదు, వదిలేసినట్టు.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఈ ఒక్క ప్రశ్న అడగండి. ప్రభువా, నేనున్న ఈ మంచి చోటనే ఉండమంటావా, లేక లేచి వెళ్లమంటావా? ఆయన ఉండమంటే నమ్మకంగా ఉందాం. వెళ్లమంటే సంతోషంగా బయలుదేరుదాం. ఆమేన్.