డాక్టర్ సూరి భగవంతం గారు

ఈసారి సైన్సు పేజీకి సూరి భగవంతం గారి జీవితం రాస్తున్నాను. సి.వి. రామన్ గారి పేరు మనందరికీ తెలుసు. ఆయన దగ్గర పనిచేసిన మన తెలుగాయన ఈయన. పదవులు చాలా చేశారు గానీ నాకు నచ్చింది అయస్కాంతాల సంగతి, అదే ఎక్కువ రాస్తాను.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో చదువుకొని, హైదరాబాదు నిజాం కాలేజీలో బి.ఎస్సీ. చేశారు. 1928లో కలకత్తా పోయి రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్టు కనిపెట్టింది ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే. అంటే పని బాగా జోరు మీద ఉన్నప్పుడే వెళ్లారు.

అక్కడ మొదట్లో చేసిన పనుల్లో ఒకటి నాఫ్తలీన్ మీద. నాఫ్తలీన్ అంటే ఏమో అనుకోకండి, మన ట్రంకుపెట్టెల్లో బట్టల మధ్య వేసుకునే కలరా ఉండలు. దానికి అయస్కాంతం అంటుకోదు. నిజానికి అయస్కాంతం దాన్ని చాలా కొద్దిగా అవతలికి నెడుతుంది. ఆ నెట్టడం స్ఫటికానికి అన్ని దిక్కులా ఒకేలా ఉండదు, ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఆ తేడాను ఆయన కొలిచారు. 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. నాఫ్తలీన్ అణువులు పలకల్లాగా చదునుగా ఉంటాయి. అవి లోపల ఎటు వాలి ఉన్నాయో ఈ తేడాను బట్టి చెప్పవచ్చు. స్ఫటికాన్ని పగలగొట్టకుండానే లోపలి అమరిక తెలుసుకోవడం అన్నమాట.

1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా చేరి తరువాత ప్రొఫెసరు అయ్యారు. 1942లో జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అప్పుడు యూనివర్సిటీని గుంటూరుకు మార్చారు. 1946 దాకా అది గుంటూరులోనే ఉంది. గుంటూరు అంటే మన చిలకలూరిపేట నుంచి గంట బస్సు, అంతే! ఆ రోజుల్లోనే భగవంతం గారు, భీమసేనాచారి గారు కలిసి చెవికి వినపడనంత హెచ్చు శబ్దాన్ని వజ్రం గుండా పంపి, వజ్రం ఎంత బిగువుగా ఉంటుందో అంకెల్లో కొలిచారు. సైన్సు అంటే ఢిల్లీలోనో అమెరికాలోనో చేస్తారని మనం అనుకుంటాం కదా. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్లు లేరు. గుంటూరు పేరు చూసి నేను ఆ పేజీ రెండుసార్లు చదివాను.

1948లో వెంకటరాయుడు గారితో కలిసి గ్రూపుల సిద్ధాంతం మీద ఇంగ్లీషు పుస్తకం రాశారు. అది సౌష్ఠవం గురించిన లెక్క. మనం వేసే ముగ్గునే చూడండి. నాలుగు చుక్కలు చదరంగా పెట్టి, పావు వంతు తిప్పితే మళ్లీ అట్లాగే కనపడుతుంది. స్ఫటికాల్లో ఇట్లాంటి అమరికలు 32 తరగతులు. ఏ తరగతో తెలిస్తే ఆ స్ఫటికానికి ఏ గుణం ఉండవచ్చో, ఏది అసలు ఉండదో చెప్పవచ్చు.

ఇక పదవులు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా వైస్ ఛాన్సలరు. తరువాత 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి సైన్సు సలహాదారు. అంత పని మధ్యలో కూడా ఆయన మళ్లీ అయస్కాంతాల దగ్గరికి వచ్చారు, అది నాకు ఆశ్చర్యం.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ఇనుప అయస్కాంతంలో ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం, అన్నీ ఒకే వైపు చూస్తాయి. క్రోమియంలో అట్లా కాదు. మన స్టీలు గ్లాసులు తుప్పు పట్టకుండా కలిపే లోహమే క్రోమియం. ఉత్త క్రోమియంలో ఒకటి పైకి చూస్తే పక్కది కిందికి చూస్తుంది. దాని బలం దీని బలంతో కొట్టుకుపోతుంది. బయటికి ఏమీ కనపడదు, లోపల మాత్రం వరస ఉంటుంది. దీనిని యాంటీఫెర్రో అయస్కాంతత్వం అంటారు. ఫ్రాన్సు దేశపు లూయీ నీల్ దీనికి సిద్ధాంతం చెప్పారు, 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడి ఎక్కువయితే ఈ వరస చెదిరిపోతుంది. క్రోమియానికి అది దాదాపు 38 డిగ్రీల సెంటిగ్రేడు. మన చిలకలూరిపేటలో మే నెల మధ్యాహ్నం ఎండకు పెట్టిన క్రోమియం ముక్కలో వరస ఉండదు, రాత్రి చల్లబడితే మళ్లీ వస్తుంది! కొంచెం మాంగనీసు కలిపితే ఆ 38 పెరుగుతుంది, వనేడియం కలిపితే తగ్గుతుంది.

ఇట్లాంటి పదార్థాలకు 32 తరగతులు చాలవు. ముగ్గు చుక్కలకు ఒకటి విడిచి ఒకటి ఎరుపు, తెలుపు రంగులు వేయండి. ఇప్పుడు పావు వంతు తిప్పితే ఎరుపు ఉన్నచోట తెలుపు వస్తుంది. తిప్పి, రంగులు కూడా తారుమారు చేస్తేనే మొదటి ముగ్గు అవుతుంది. రంగు అంటే ఇక్కడ పైకి చూడడం, కిందికి చూడడం. ఈ తారుమారును కూడా లెక్కలోకి తీసుకుంటే 90 తరగతులు వస్తాయి. 1960ల్లో భగవంతం గారు ఈ అయస్కాంత సౌష్ఠవం మీద పనిచేశారు. స్ఫటికాల సౌష్ఠవం, వాటి గుణాల మీద ఆయన పుస్తకం 1966లో వచ్చింది. ఇది ఉత్త కాగితం లెక్క అనుకోవద్దు. క్రోమియం ఆక్సైడు అనే పచ్చని పదార్థానికి విద్యుత్తు పెడితే అయస్కాంతత్వం రావాలని రష్యావాళ్లు 1959లో సౌష్ఠవం చూసే చెప్పారు, 1960లో ప్రయోగంలో వచ్చింది.

1988లో ఇనుము, క్రోమియం చాలా పలుచని పొరలుగా పేర్చి ఫ్రాన్సులో, జర్మనీలో కొత్త సంగతి కనుక్కున్నారు. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ పొరల్లో విద్యుత్తుకు అడ్డు బాగా తగ్గుతుంది. కంప్యూటరు హార్డుడిస్కులు చదవడానికి అది పనికొచ్చింది. 2007లో దానికి నోబెల్ ఇచ్చారు. భగవంతం గారు 1989 ఫిబ్రవరి 6న మరణించారు.

రెండు రంగుల ముగ్గు అర్థం కానివాళ్లు ఆదివారం వరండాలోకి రండి, సుద్దముక్కతో వేసి చూపిస్తాను.