మెలకువలో శస్త్రచికిత్స : కార్ల్ కోలర్

పన్ను పీకించుకున్న వారందరికీ ఒక అనుభవం ఉంటుంది. బరంపురంలోనైనా, హోసూరులోనైనా, షోలాపురంలోనైనా అది ఒక్కటే. వైద్యుడు సన్నని సూదితో చిగుళ్ళలోకి మందు ఎక్కిస్తాడు. ఒక్క క్షణం చురుక్కుమంటుంది. కొద్దిసేపటికి పెదవి బరువెక్కుతుంది, బుగ్గ తనది కానట్లు అనిపిస్తుంది. వైద్యుడు పన్నును పట్టి కదిలిస్తూ ఉంటే ఒత్తిడి తెలుస్తుంది, లాగుతున్నట్లు తెలుస్తుంది, చప్పుడు కూడా వినిపిస్తుంది. నొప్పి మాత్రం తెలియదు. రోగి మెలకువగానే ఉంటాడు. నోరు ఇంకా తెరవమంటే తెరుస్తాడు. తల పక్కకు తిప్పమంటే తిప్పుతాడు.

మనిషిని నిద్రపుచ్చకుండా, శరీరంలో కావలసిన చోటును మాత్రమే మొద్దుబరిచే ఈ పద్ధతి 1884వ సంవత్సరంలో వైద్యశాస్త్రంలో ప్రవేశించింది. దానిని లోకానికి అందించినవాడు కార్ల్ కోలర్. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. చెప్పుకోదగిన పదవి లేదు, చేతిలో డబ్బు అంతకంటే లేదు.

కోలర్ 1857వ సంవత్సరం డిసెంబరు 3వ తేదీన బొహీమియాలోని షూటెన్‌హోఫెన్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆనాడు ఆ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడు ఆ ఊరు చెక్ దేశంలో ఉంది. దానిని సుషిత్సె అంటారు. కోలర్ వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1882లో పట్టం పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే స్ట్రికర్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో కోడిపిల్ల పిండం ఎలా ఎదుగుతుందో పరిశోధించి పెద్దల మెప్పు పొందాడు. ఆయన మనసంతా నేత్రవైద్యం మీద ఉండేది. వియన్నా నేత్రవైద్యశాలలో సహాయకుని పదవి దొరికితే చాలునని ఆయన కోరిక. కాని ఆ పదవికి పోటీ ఎక్కువ. ఏదైనా గొప్ప పరిశోధన చేసి చూపినవారికే అది దక్కేది.

ఆ రోజులలో కంటికి శస్త్రచికిత్స అంటే రోగికి నరకమే. 1846లో బోస్టన్‌లో ఈథరును, మరుసటి ఏడు స్కాట్లండులో క్లోరోఫారమును ఉపయోగించి రోగిని నిద్రపుచ్చే పద్ధతి వచ్చింది. కాళ్ళూ చేతులూ కోయవలసిన రోగులకు అది వరమైంది. కంటి రోగులకు మాత్రం అంతగా అక్కరకు రాలేదు. ముఖం మీద మత్తుమందు ముసుగు ఉంచితే వైద్యుని చేతికి కన్ను అందడమే కష్టం. నిద్రలో ఉన్నవానికి పైకి చూడు, కిందికి చూడు అని చెప్పి లాభం లేదు. అన్నిటికంటె పెద్ద చిక్కు, మత్తు వదిలేటప్పుడు వచ్చే వాంతులు. ఆ కుదుపుకు కంటి గాయం విచ్చుకొని, చేసిన పని అంతా వ్యర్థమయ్యేది. అందువల్ల చాలామంది వైద్యులు శుక్లాలు వచ్చిన వారికి మెలకువలోనే, నొప్పిని భరించమని చెప్పి, తలను గట్టిగా పట్టించి కత్తి వేసేవారు. కనుగుడ్డు మీద చిన్న నలుసు పడితేనే తాళలేము. అక్కడ కత్తి పడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కంటిని మాత్రమే మొద్దుబరిచే మందు ఒకటి ఉండాలని కోలర్ పట్టుపట్టాడు. క్లోరాల్, బ్రోమైడు, మార్ఫియా ద్రావణాలను జంతువుల కళ్ళలో వేసి చూశాడు. ఏదీ పనిచేయలేదు. కొంతకాలానికి ఆ ప్రయత్నం పక్కన పెట్టాడు గాని, ఆ ఆలోచన మనసులోనుంచి పోలేదు.

అదే ఆసుపత్రిలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆయనకు స్నేహితుడు. తరువాతి కాలంలో మనస్తత్వశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడైన ఫ్రాయిడ్ ఇతడే. అప్పటికి సామాన్య యువవైద్యుడు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశీయులు అలసట తెలియకుండా కోకా ఆకు నమిలేవారు. ఆ ఆకులోని సారాన్ని 1860లో నీమన్ అనే జర్మన్ రసాయనికుడు వేరు చేశాడు. అదే కొకెయిన్. 1884 జూలైలో ఫ్రాయిడ్ ఈ మందును గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. అది నాలుకను మొద్దుబరుస్తుందని దానిలో రాశాడు. అయినా ఆయన దృష్టి అలసటను పోగొట్టే గుణం మీదనే ఉండేది. కండరాల బలం మీద ఆ మందు ప్రభావాన్ని పరీక్షించడానికి కోలర్ సాయం తీసుకున్నాడు. తరువాత తనకు నిశ్చయమైన కన్యను చూడడానికి ఉత్తర జర్మనీకి వెళ్ళాడు.

ఒకనాడు కోలర్ తోటి వైద్యునికి చాకుమొన మీద కొంచెం కొకెయిన్ పెట్టి ఇచ్చాడు. అతడు దానిని నాలుక మీద వేసుకొని, నాలుక తిమ్మిరెక్కిందన్నాడు. తిన్నవారందరికీ అలాగే ఉంటుందని కోలర్ బదులు చెప్పాడు. ఆ మాట నోట వస్తూ ఉండగానే ఆయనకు మెరుపు మెరిసినట్లయింది. ఏళ్ళ తరబడి తాను వెదకుతున్న మందు తన జేబులోనే ఉంది. నాలుక మొద్దుబారడం ఎందరికో తెలిసిన సంగతే. నీమన్‌కు తెలుసు, ఫ్రాయిడ్‌కు తెలుసు, ఆ పొడిని రుచి చూసిన ప్రతివానికీ తెలుసు. కంటి రోగి బాధ మనసులో పెట్టుకొని తిరుగుతున్నవానికే దాని విలువ తెలిసింది.

కోలర్ తిన్నగా స్ట్రికర్ ప్రయోగశాలకు వెళ్ళాడు. అక్కడ గార్ట్‌నర్ అనే సహాయకుడు ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఆ తెల్లని పొడిని నీటిలో కరిగించి ఒక కప్ప కంటిలో చుక్క వేశారు. ఒక నిమిషం గడిచాక కంటిని తాకారు, కప్ప కదలలేదు. మందు వేయని రెండవ కంటిని తాకితే ఉలిక్కిపడింది. తరువాత కుందేలు మీద, కుక్క మీద చూశారు. ఫలితం అదే. ఇక మిగిలింది మనిషి. ఎవరినో పిలవలేదు. ఇద్దరూ ఒకరి కంటిలో ఒకరు మందు వేసుకున్నారు. అద్దం ముందు నిలబడి, గుండుసూది తలతో తమ కనుగుడ్డునే తాకి చూసుకున్నారు. నల్లగుడ్డు మీద సొట్ట పడేలా నొక్కినా నొప్పి లేదు. ఈ చికిత్సలో మొదటి అనుభవం పొందిన మనుషులు ఈ విధంగా వైద్యులే అయినారు.

1884 సెప్టెంబరు 15వ తేదీన హైడెల్‌బర్గులో జర్మన్ నేత్రవైద్యుల సభ జరిగింది. కోలర్ దగ్గర అక్కడికి వెళ్ళడానికి డబ్బు లేదు. ట్రియెస్ట్ నగరానికి చెందిన బ్రెట్టావర్ అనే వైద్యుడు ఆయన వ్యాసాన్ని తీసుకుపోయి చదివాడు. ఒక రోగి కంటిలో చుక్కలు వేసి అందరి ఎదుటా చూపించాడు. ఆ సభలో ఉన్న అమెరికా వైద్యుడొకడు వెంటనే స్వదేశానికి రాసి పంపాడు. అక్టోబరు నెలలోనే న్యూయార్కు వైద్యపత్రికలో ఆ వార్త వెలువడింది. విమానాలు లేని కాలంలో అది ఎంత వేగమో గమనించవలసిన సంగతి.

అక్టోబరు 17వ తేదీన కోలర్ స్వయంగా వియన్నా వైద్యుల సంఘంలో తన పరిశోధనను వివరించాడు. అదే సాయంత్రం కూనిగ్‌స్టైన్ అనే మరొక నేత్రవైద్యుడు కూడా ఇదే విషయం మీద మాట్లాడాడు. కాని కోలర్ పేరు ఎత్తలేదు. ఫ్రాయిడ్, మరొక మిత్రుడు కలిసి అతనికి నచ్చచెప్పి కోలర్‌కు దక్కవలసిన గౌరవం దక్కించారు. స్నేహితుడు లేని సమయంలో కనుగొన్నదైనా, ఫ్రాయిడ్ ఇది కోలర్‌దేనని ఒప్పుకొన్నాడు.

ఈ మందు పనిచేసే తీరు తరువాతి కాలంలోగాని తెలియలేదు. మన శరీరంలో నొప్పి వార్తను మెదడుకు చేరవేసేవి నరాలు. నరంలోకి సోడియం అయానులు ప్రవేశించే సన్నని ద్వారాలు ఉంటాయి. అవి వరుసగా తెరుచుకుంటూ పోతేనే వార్త ముందుకు సాగుతుంది. మందు ఆ ద్వారాలను మూస్తుంది. వార్త దారిలోనే ఆగిపోతుంది. నొప్పిని మోసే సన్నని నరపోగులు ముందుగా లొంగుతాయి. ఒత్తిడిని తెలిపే లావుపాటి పోగులు అంత తొందరగా లొంగవు. రోగికి నొక్కుతున్నట్లు, లాగుతున్నట్లు తెలుస్తూనే నొప్పి తెలియకపోవడానికి కారణం ఇదే. చీము పట్టిన చోట ఆమ్లగుణం ఎక్కువగా ఉండి మందు సరిగా పనిచేయదు. అలాంటప్పుడు నొప్పి ఉందని రోగి చెప్పాలి. అతడు మెలకువగా ఉన్నాడు గనుక చెప్పగలడు.

కోలర్ కోరుకున్న పదవి ఇక తప్పక వస్తుందని మిత్రులు అనుకున్నారు. 1885 జనవరి మొదటి వారంలో ఆసుపత్రికి ఒక రోగి వచ్చాడు. అతని వేలికి గాయమైతే ఎవరో రబ్బరు కట్టు మరీ బిగించి కట్టారు. అలాగే ఉంచితే రక్తం ఆడక వేలు కుళ్ళిపోతుంది. కోలర్ కట్టు వదులు చేశాడు. పక్కనున్న మరొక వైద్యునికి అది నచ్చలేదు. మాటా మాటా పెరిగింది. అతడు కోలర్‌ను యూదుడని జాతి పేరు పెట్టి నీచంగా తిట్టాడు. కోలర్ అతని చెంప మీద కొట్టాడు. ఆనాటి సైనిక మర్యాద ప్రకారం అది కత్తుల ద్వంద్వయుద్ధం దాకా పోయింది. కోలర్‌కు దెబ్బ తగలలేదు. ప్రత్యర్థికి రెండు గాయాలైనాయి. అటువంటి యుద్ధాలు చట్టవిరుద్ధం. చేయి చేసుకోవడం తప్పే కావచ్చు. అయితే ఒక రోగి వేలు కాపాడబోయి తిట్లు తిన్నవానికి వియన్నా తలుపులు మూసుకుపోయాయి. యూదుల మీద ద్వేషం నానాటికి పెరుగుతున్న ఆ నగరంలో ఆయన ఆశించిన పదవి ఎన్నటికీ రాలేదు.

ఆయన వియన్నా విడిచేలోగా మరొక సంఘటన జరిగింది. 1885 ఏప్రిల్‌లో ఫ్రాయిడ్ తండ్రికి నీటికాసుల వ్యాధికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. కత్తి పట్టినవాడు కూనిగ్‌స్టైన్. కంటిలో మందుచుక్కలు వేసినవాడు కోలర్. సాయం చేసినవాడు ఫ్రాయిడ్. ఈ మందు చరిత్రలో పాలు పంచుకున్న ముగ్గురూ ఒకే మంచం చుట్టూ చేరారని కోలర్ ఆనాడు సంతోషంగా చెప్పుకున్నాడు.

తరువాత కోలర్ హాలెండులోని ఉట్రెక్టుకు వెళ్ళి, డోండర్స్, స్నెల్లెన్ అనే ప్రసిద్ధ నేత్రవైద్యుల వద్ద పనిచేశాడు. కంటి పరీక్షకు గోడకు తగిలించే అక్షరాల పటాన్ని తయారుచేసినవాడు ఆ స్నెల్లెనే. 1888లో కోలర్ న్యూయార్కు చేరుకున్నాడు. అదే ఏడు మన హైదరాబాదులో లారీ అనే వైద్యుని ఆధ్వర్యంలో, క్లోరోఫారము ఇచ్చినప్పుడు రోగులు చనిపోవడానికి కారణం ఏమిటో విచారించడానికి ఒక సంఘం ఏర్పడింది. నిద్రపుచ్చే మందులో ప్రాణభయం ఎంత ఉండేదో దీనినిబట్టి తెలుస్తుంది.

కొకెయిన్ కూడా నిరపాయమైనది కాదు. నరాల దగ్గర సూదితో ఆ మందు ఎక్కించే పద్ధతిని వృద్ధి చేసిన అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్, తన మీద తాను ప్రయోగాలు చేసుకొని దానికి బానిసైనాడు. ఫ్రాయిడ్ మిత్రుడు ఫ్లైషల్ కూడా ఆ వ్యసనంలో చిక్కుకొని కష్టాలు పడ్డాడు. అందువల్ల రసాయనికులు మొద్దుబరిచే గుణం మాత్రమే ఉండి, వ్యసనం కలిగించని మందుల కోసం వెదికారు. 1904లో జర్మనీలో ఐన్‌హార్న్ నోవొకెయిన్ తయారుచేశాడు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడొకెయిన్ తయారుచేశాడు. నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే.

న్యూయార్కులో కోలర్ నేత్రవైద్యునిగా మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాడు. అమెరికా నేత్రవైద్యుల సంఘం 1922లో ఆయనకు పతకం ఇచ్చి గౌరవించింది. నోబెల్ బహుమతి రాలేదు. 1944 మార్చి 21వ తేదీన, ఎనభై ఆరేళ్ళ వయస్సులో న్యూయార్కులోనే ఆయన మరణించాడు.

1958లో స్టాక్‌హోంలో మొట్టమొదటిసారి ఒక రోగి శరీరంలో పేస్‌మేకర్ అమర్చారు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవారికి సన్నని విద్యుత్తుతో లయ కల్పించే చిన్న యంత్రం అది. అప్పుడు రొమ్ము కోసి అమర్చారు. తరువాత రక్తనాళం గుండా తీగను గుండెలోకి పంపే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మామూలుగా మెడ కింది ఎముక దగ్గర చర్మాన్ని లిడొకెయిన్‌తో మొద్దుబరిచి ఆ పని చేస్తారు. సూది దిగేటప్పుడు మంట పుడుతుంది. యంత్రం పట్టేటంత చోటు చర్మం కింద చేసేటప్పుడు గట్టిగా నొక్కుతున్నట్లు ఉంటుంది. ఆ సమయంలో నొప్పి ఉందంటే వైద్యుడు మరికొంత మందు ఎక్కిస్తాడు. తీగ లోపలికి పోతున్న సంగతి సాధారణంగా రోగికి తెలియదు. అది గుండెలో సరిగా నిలిచిందో లేదో చూడడానికి వైద్యుడు ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చమని, దగ్గమని అడుగుతాడు. బల్ల మీద పడుకున్న రోగి ఊపిరి పీల్చి దగ్గుతాడు.