విద్యార్థి గాసెట్

ఇంగ్లాండు దేశమున కాంటర్బరీ పట్టణమునందు 1876 జూన్ 13వ తేదీన జన్మించిన విలియం సీలీ గాసెట్ పేరు మన రైతులలో నూటికొక్కరైనను వినియుండరు. అయినను వరి వంగడములను, ఎరువులను పరీక్షించు క్షేత్రములలో ఆయన లెక్క నేటికిని నడచుచున్నది.

ఆక్స్‌ఫర్డులో గణితమును, రసాయనశాస్త్రమును చదివి ఆయన 1899లో డబ్లిన్ నగరపు గిన్నెస్ కార్ఖానాలో చేరెను. బీరు కాచు కార్ఖానా యని మద్యనిషేధ పక్షపాతులగు చదువరులు మొగము త్రిప్పుకొనవలదు. ఆయనకు పని పడినది సీసాలతోకంటె యవల చేలతోనే. ఏ రకము మేలైనదో నాలుగైదు మళ్ల దిగుబడిని చూచియే తీర్పు చెప్పవలసి వచ్చెడిది. ఆనాటి సాంఖ్యక శాస్త్రమో, వందలకొలది కొలతలు గలవారికే అక్కరకు వచ్చునది. 1906లో లండను వెళ్లి కార్ల్ పియర్సన్ చెంత ఆయన నేర్చినదియు ఆ పెద్దలెక్కయే.

కొలతలు కొలదియైనపుడు వాని చెదరుబాటును సైతము ఆ కొలతలనుండియే ఊహింపవలెను. ఆ ఊహలోని దోషమును గణింపనివాడు తన తీర్పు ఉన్నదానికంటె గట్టిదని భ్రమపడును. గాసెట్ దీనిని కనిపెట్టి, 3000 మంది నేరస్థుల శరీరపు కొలతలను అట్టముక్కలపై వ్రాసి, బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 జట్లు తీసి తన సూత్రమును సరిచూచుకొనెను. 1908లో ఆ వ్యాసము స్టూడెంట్, అనగా విద్యార్థి, అను మారుపేరుతో వెలువడెను. ఉద్యోగులు సొంతపేర వ్రాయుట కార్ఖానావారికి సమ్మతము కాదు. 1912లో రోనాల్డ్ ఫిషర్ అను యువకుడు ఆ సూత్రమునకు నిరూపణము పంపగా, తనకది బోధపడలేదని గాసెట్ దానిని పియర్సన్‌కు పంపెను! పిదప 1922లోను, 1925లోను ఫిషరే దానిని ప్రతిగమన రేఖకు వర్తింపజేసెను.

ఇది కాట్రేనికోన రైతునకేల యందురా? మాటవరుసకు, సార్వాలో ఆరు సమానపు మళ్లకు వేర్వేరు బండ్ల పశువుల యెరువు తోలించిరనుకొందము. దిగుబడుల నడుమ గీచిన రేఖ బండికి బస్తాన్నర అధికమని చూపినది. ఆ యంకెయందలి ప్రామాణిక దోషము 0.6 బస్తా. పాతలెక్కలో దోషమును 1.96చే హెచ్చవేయుదురు. అపుడు లాభము 0.3 మొదలు 2.7 బస్తాల వరకని తేలును. రైతు అప్పుచేసియైనను ఎరువు కొనును. విద్యార్థి పట్టికలో, ఆరింట రేఖకై రెండు పోగా మిగిలిన నాలుగింటికి, గుణకము 2.78. అవధి సున్నకు దిగువ 0.17 నుండి పైన 3.17 వరకు సాగును. సున్న దానిలోనే యున్నది. కావున ఎరువు పనిచేయలేదను వాదమును ఈ యారు మళ్లు త్రోసిపుచ్చజాలవు. ఆ వాదము నిజమని తేలినట్లును కాదు. ఇంకను మళ్లు కావలెను. ఈ భేదమును మరచువారు పండితులలోను కలరు. ఇట్లు కట్టిన అవధులు నూటికి 95 మారులు నిజమును తమలో పట్టియుంచునను భావమును జెర్సీ నేమన్ 1937లో విపులముగా స్థాపించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1965లో ఈ రేఖల విద్యపైననే మహాగ్రంథము వెలువరించిరి.

పియర్సన్‌కును ఫిషర్‌కును పడదు. గాసెట్‌కు ఇరువురును మిత్రులే. మళ్లను చీట్లు వేసినట్లు పంచవలెనా, క్రమముగా అమర్చవలెనా యను విషయమున మాత్రము కడపటి యేండ్లలో ఫిషర్‌తో ఆయన వాదమాడెను. 1935లో లండనునందలి క్రొత్త కార్ఖానాకు మారి, 1937 అక్టోబరు 16న గతించెను. 1942లో ఆయన వ్యాసములు సంపుటముగా వచ్చినపుడును అట్టపై నుండినది విద్యార్థి పేరే.