పిచ్చుకల సాక్ష్యంతో దోమ గుట్టు విప్పిన వైద్యుడు: సర్ రోనాల్డ్ రాస్

వానాకాలం వచ్చిందంటే ఖరగ్‌పూర్‌లోని మథురాకటి, నింపురా వంటి రైల్వే ప్రాంతాల్లో దోమల మాట మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైల్వే ఉద్యోగాల కోసం వలస వచ్చి, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని లోకమంతా నమ్మింది. ఆ నమ్మకాన్ని తొలగించిన పరిశోధనలో ఒక సగం తెలుగు నేలపై సికింద్రాబాద్‌లోను, మరో సగం ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న కలకత్తాలోను జరిగాయి. ఆ రెండు సగాలను కలిపిన వ్యక్తి సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాల చెంతనున్న అల్మోరాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో అధికారి. పది మంది సంతానంలో రాస్ పెద్దవారు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఆయనను ఇంగ్లండు పంపించారు. చిత్రలేఖనం, సంగీతం, కవిత్వం ఆయనకు ప్రాణం. వైద్యం తండ్రి కోరిక. లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో అయిష్టంగానే చదివి, ఒక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేసి, చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. తొలి నియామకం మద్రాసు ప్రెసిడెన్సీలో. 1883లో బెంగళూరులో ఉండగా, తన బస దగ్గరి నీటి తొట్టెలో దోమ పిల్లలను గమనించారు. ఆ నీటిని పారబోయించగానే దోమలు తగ్గాయి. నీటిని నిలవనీయకుంటే దోమ పుట్టదన్న ఎరుక ఆయనకు అక్కడే కలిగింది.

1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనకు మలేరియా రోగి రక్తంలోని పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించారు. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే దానిని కనుగొన్నారు. అది ఒక మనిషి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నదే తేలని ప్రశ్న. దోమల పాత్ర ఉండవచ్చని మాన్సన్ ఊహించారు. ఆ ఊహను రుజువు చేసే భారాన్ని రాస్ తలకెత్తుకున్నారు. 1895లో సికింద్రాబాద్ చేరి పని మొదలుపెట్టారు. రెండేళ్లపాటు వందలాది దోమలను కోసి చూసినా ఫలితం దక్కలేదు. ఆయన పరీక్షించినవాటిలో అధికభాగం మనిషికి మలేరియాను మోయలేని జాతులు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఈలోగా ఊటీ ప్రాంతంలో పరిశోధిస్తూ తానే మలేరియా బారిన పడ్డారు.

1897 వేసవి గడిచాక మళ్లీ బేగంపేటలోని ఆసుపత్రి గదిలో కూర్చున్నారు. పంకా విసిరితే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే పని సాగించారు. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు నెల నడుమ మచ్చల రెక్కలున్న కొత్త రకం దోమలు ఆయన చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగి తన రక్తాన్ని వాటికి ఆహారంగా ఇచ్చాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా అతనికి దక్కిన ప్రతిఫలం. ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రని కణాలు రాస్‌కు కనిపించాయి. మరునాడు మరో దోమలో అవే కణాలు మరికొంత పెరిగి ఉన్నాయి. మనిషి రక్తంలోని పరాన్నజీవి దోమలో బతికి ఎదుగుతోందని అర్థమైంది.

అయితే దోమ కడుపులోని కణం తిరిగి మనిషిని ఎలా చేరుతుంది? ఆ ప్రశ్నకు సమాధానం వెతికేలోగానే బదిలీ ఉత్తర్వు వచ్చింది. మలేరియా రోగులు దొరకని రాజపుతానాలోని ఖేర్వారాకు ఆయనను పంపారు. మాన్సన్ పట్టుబట్టి ప్రభుత్వాన్ని ఒప్పించడంతో, 1898 ఫిబ్రవరిలో కలకత్తాలోని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో ఒక చిన్న ప్రయోగశాల లభించింది. అక్కడ మరో అడ్డంకి ఎదురైంది. నగరంలో ప్లేగు భయం అలముకుంది. వేలికి సూది గుచ్చనివ్వడానికి రోగులు బెదిరిపోయారు. అప్పుడు రాస్ మనుషులను విడిచి పక్షులను ఆశ్రయించారు.

పిచ్చుకలకు, భరతపక్షులకు కూడా ఒక తరహా మలేరియా ఉంది. దాని పరాన్నజీవి వేరు, దానిని మోసే దోమ వేరు. మన ఇళ్ల మురుగు నీటిలో పెరిగే బూడిదరంగు క్యూలెక్స్ దోమే దాని వాహనం. సహాయకుడు మహమ్మద్ బక్ష్ దోమలను, పక్షులను సేకరించి పెంచుతుండగా, రాస్ రోజుకు కొన్నింటిని కోసి పరాన్నజీవి ప్రయాణాన్ని అంచెలంచెలుగా గుర్తించారు. 1898 జులైలో అది దోమ లాలాజల గ్రంథుల్లో చేరడం చూశారు. ఆ దోమలను ఆరోగ్యమైన పిచ్చుకలపైకి వదిలితే, వాటిలో అత్యధికం జబ్బుపడ్డాయి. వ్యాధి గాలి వల్ల కాక కాటు వల్ల వస్తుందని నిస్సందేహంగా తేలింది. కొద్ది నెలల్లోనే ఇటలీలో గ్రాస్సి బృందం మానవ మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ అని నిరూపించింది. ఘనత ఎవరిదన్న తగాదా ఇద్దరి జీవితాంతమూ ఆరలేదు.

1899లో రాస్ భారతదేశం విడిచి లివర్‌పూల్‌లో అధ్యాపకులయ్యారు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా మలుస్తోంది. కట్టల కోసం మట్టి తవ్విన గుంటల్లో వాననీరు నిలిస్తే అవే దోమల పుట్టిళ్లు. రాస్ పరిశోధన వెలుగులో ఆ రైల్వే తర్వాతి కాలంలో మలేరియా నిపుణుడైన సీనియర్ వైట్‌ను ప్రత్యేకంగా నియమించుకుంది. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1911లో సర్ బిరుదు వచ్చింది. దోమలను పూర్తిగా నిర్మూలించనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే వ్యాధి దానంతటదే తగ్గిపోతుందని ఆయన గణితం ద్వారా నిరూపించారు. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టే నేటి శాస్త్రానికి అది ఒక పునాది.

అయినా వార్ధక్యంలో ఆయనకు తృప్తి దక్కలేదు. ప్రజారోగ్యానికి పాటుపడిన తనకు ప్రభుత్వం ఆర్థికంగా న్యాయం చేయలేదని బాధపడ్డారు. 1928లో తన పరిశోధన పత్రాలను అమ్మకానికి పెట్టారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

పిచ్చుకల పంజరాల దగ్గర రాస్ నేర్పిన పద్ధతి మలేరియాతో ఆగలేదు. పక్షికీ దోమకూ నడుమ తిరిగే సూక్ష్మజీవుల జాబితా పెరుగుతూనే ఉంది. రాస్ శోధించిన పక్షి మలేరియా, దోమలు మోసే పక్షి మశూచి వైరస్ కలిసి, ఓడల్లో చేరిన క్యూలెక్స్ దోమ ద్వారా హవాయి దీవుల్లో వ్యాపించి, వాటిని ఎరుగని అక్కడి పక్షిజాతుల్లో అనేకాన్ని తుడిచిపెట్టాయి. 1937లో ఉగాండాలో గుర్తించిన వెస్ట్‌నైల్ వైరస్ 1999లో న్యూయార్క్ చేరి అక్కడి కాకులను రాల్చింది. మన దేశంలో జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లో, పందుల్లో పెరిగి, వరి మళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమల ద్వారా మనుషులను చేరుతుంది. 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడిన ఆ జబ్బు 1973లో ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న బాంకుడా జిల్లాలో విజృంభించింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పిల్లల ప్రాణాలు తీసింది. ఈ వైరస్ నిలకడగా ఉండేదీ కాదు. దశాబ్దాలపాటు ఆసియాలో ప్రబలిన మూడో జన్యురకాన్ని ఒకటో రకం క్రమంగా పక్కకు నెట్టింది. దానికి టీకా ఉన్నా, పక్షుల్లో దాగిన వైరస్‌ను టీకాతో తొలగించలేం.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనం నేడు ఆయన పేరిట ఉంది. కలకత్తా ఆసుపత్రి ప్రాంగణంలోని స్మారక ద్వారాన్ని 1927లో రాస్ స్వయంగా చూశారు. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకొంటున్నాం. ఆనాడు ఉపన్యాసాలతో పాటు పెరటిలోని కుండ, పాత టైరు, కూలర్ తొట్టె, కాలనీ వెనుక కాలువ ఒకసారి చూసుకుంటే, బెంగళూరులో నీటి తొట్టెను ఖాళీ చేయించిన ఆ యువ వైద్యుడి పనిని మనం కొనసాగించినట్లే.