ఓడత్రాళ్లు సడలినప్పుడు
(జాన్ న్యూటన్ జీవితము)



మన మంగళగిరి గాలిగోపురము పదునొకండు అంతస్తులతో సుమారు 153 అడుగుల యెత్తు గలది. 1807లో ఆరంభమైన దాని కట్టడము 1809లో ముగిసెను. పూర్వకాలపు పెద్ద తెరచాప ఓడలలో కొన్నిటి నడిమి కొయ్య ఇంచుమించు అంత యెత్తుండెడిది. ఊగులాడు ఓడమీద అంత యెత్తున, కాళ్లక్రింద ఒక్క త్రాడే ఆధారముగా నావికులు పనిచేసెడివారు. అట్టి నావికులలో ఒకడైన జాన్ న్యూటన్ జీవితమును ఈ మాసము ధ్యానింతము.

ఆయన 1725లో లండనులో పుట్టెను. ఏడేండ్లు నిండకమునుపే భక్తురాలైన తల్లి మరణించెను. పదునొకండవ యేట ఓడ నాయకుడైన తండ్రివెంట సముద్రమెక్కెను. 1744లో ఆయనను బలవంతముగా యుద్ధనౌకలో చేర్చుకొనిరి. అక్కడ చిన్న అధికారియై, పారిపోయి పట్టుబడి, కొరడాదెబ్బలు తిని, సామాన్య నావికుడాయెను.

సామాన్య నావికుని పని యేమి? గాలి నెమ్మదిగా నున్న దినములలోనే అతనికి మరమ్మతు పని యెక్కువ. నారత్రాళ్లను ఎండయు ఉప్పుగాలియు రాపిడియు తినివేయును. కనుక అతడు పైకెక్కి, ఒరసికొనుచోట్ల పాత గుడ్డపేలికలు చుట్టి, వాటిమీద సన్నని త్రాడు బిగించి, తారు పూయవలెను. నిచ్చెన మెట్లవలె కట్టిన అడ్డుత్రాళ్లలో చివికినవాటిని మార్చవలెను. చిరిగిన చాపను కుట్టవలెను. మన ఊళ్లలో తాటిచెట్టెక్కువాడు తన మోకును చూచుకొనక చెట్టు ముట్టడు గదా!

1748 మార్చిలో న్యూటన్ ‘గ్రేహౌండ్’ అను ఓడలో ఆఫ్రికానుండి స్వదేశమునకు పోవుచుండెను. ఉష్ణదేశపు తీరమున బహుకాలము తిరిగినందున ఆ ఓడ చాపలును త్రాళ్లును చివికిపోయియుండెను. ఒక రాత్రి తుపాను కొట్టగా ప్రక్కపలకలు ఊడి నీరు లోనికి వచ్చెను. ఆయన పైకి పోబోగా, నాయకుడు కత్తి తెమ్మని వెనుకకు పంపెను. అంతలో ఆయనకు బదులు పైకి పోయినవాడు సముద్రము పాలాయెను. నావికులు దుప్పట్లును బట్టలును సందులలో కుక్కి, పలకలు కొట్టి, నీరు తోడిరి. సరుకులో మైనమును కలపయు ఉండుటచేత ఓడ తేలెను. నాలుగు వారములకు ఐర్లండు చేరిరి. ఆ తుపానులో న్యూటన్ దేవుని కరుణకొరకు మొఱపెట్టెను.

అయితే మనము ఒక సంగతి దాచరాదు. అట్లు మొఱపెట్టిన ఆయనే 1750 మొదలు 1754 వరకు బానిసల ఓడలకు నాయకుడై, మూడు ప్రయాణములలో మనుష్యులను సంకెళ్లతో అమ్మకమునకు కొనిపోయెను. సముద్రము విడిచినది జబ్బుచేతనే. 1764లో ఓల్నీ అను ఊర బోధకుడాయెను. 1773 నూతన సంవత్సర ఆరాధనకు ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన కూర్చెను. 1788లో మాత్రమే తన పాపమును బహిరంగముగా ఒప్పుకొని, ఆ వ్యాపారమును ఖండించుచు పుస్తకము ప్రకటించెను. తుపానుకును ఆ ఒప్పుకోలుకును నడుమ 40 ఏండ్లు! 1807లో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించెను. మన గోపురపు పని ఆరంభమైన ఆ యేడే, డిసెంబరు 21న, న్యూటన్ కన్నుమూసెను.

యెషయా గ్రంథము 33వ అధ్యాయము 23వ వచనమును మీ యిండ్లలో చదువుకొనుడి. ప్రవక్త అక్కడ త్రాళ్లు సడలిన ఓడను చూపుచున్నాడు. దేవుడు మునుగువానిని ఒక్క రాత్రిలో పైకి లాగగలడు. అయినను చివికిన త్రాళ్లను ఒక్కొక్కటిగా బాగుచేయు పని మిగిలియుండును. న్యూటన్ చేసిన ఆలస్యమునకు వెల చెల్లించినది ఆయన కాదు. ఓడ అడుగున సంకెళ్లలో పడియున్నవారే.

మన సంగతి యేమి? ఇయ్యక నిలిపిన కూలి, అన్నదమ్ముల గట్టు తగాదా, ఒకే బల్లయొద్ద పాలుపొందియు మనస్సులో దాచుకొను కులభేదము, ఇవన్నియు చివికిన త్రాళ్లే. వాటి వెలను మన పొరుగువాడు చెల్లించుచున్నాడు. డెల్టాలో నివసించు మనకు గాలివాన సంగతి తెలియును. అది వచ్చిన తరువాత కొయ్య ఎక్కుట కష్టము. గాలి నెమ్మదిగా నున్న ఈ దినములలోనే, ఒక్క త్రాటినైనను ఈ వారము బాగుచేసికొందము. ప్రభువు మనకు సహాయము చేయునుగాక.